తీసేసిన కార్డు చెప్పిన లోతు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఎప్పుడూ దగ్గర కూర్చోనివ్వలేదు. మా ఇంట్లో దేవుడికి గది ఉండేది గానీ దయ్యానికి చోటు లేదని మా నాన్నగారు అనేవారు. నేనూ అలాగే బతికాను. ఇప్పుడు రాస్తున్నది చదివి ఎవరైనా నవ్వితే వాళ్లను తప్పుపట్టను. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్ని.

నా వయసు యాభై నాలుగు. మా ముత్తాతగారి కాలంలో గుణుపురం వైపు పన్నెండు ఊళ్ల ముఠా, అంటే చిన్న జమీ, మాది. జయపురంలో మేడ ఉండేది. నాకు పదేళ్లప్పుడు అది అమ్ముడుపోయింది. మిగిలినవి ఇంటిపేరూ, నిటారుగా కూర్చునే అలవాటూ. పనిచేసే చోట నన్ను ఎదురుగా ‘బాబుగారూ’ అంటారు, వెనక ‘రాజావారు’ అంటారు. రెండూ నా చెవిన పడ్డాయి. 

కోరాపుట్, రాయగడ జిల్లాల మధ్య కొండల్లో ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని పేరు చెప్పను. మాచ్‌ఖండ్ కాదని మాత్రం చెబుతాను, ఎందుకంటే అందరూ ముందు ఆ పేరే అడుగుతారు. అక్కడ రెండు టర్బైన్లు. వాటి వేడినీ, అదురునూ, నీటి మట్టాన్నీ కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్ నా బాధ్యత.

సెన్సార్ల తీగలు వచ్చి ఆ కంప్యూటర్‌లోని కార్డులకు కలుస్తాయి. ఒక్కో టర్బైన్‌కు ఒక్కో కార్డు. ఆ కార్డులతో మాట్లాడటానికి కంప్యూటర్ గుండెకాయలో, అంటే కెర్నల్‌లో, డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉండాలి. దాన్ని నేనే రాశాను. రాసినదాన్ని ఇంకొకరికి చూపించి సరిచూయించుకోవడం ఈ వృత్తిలో మర్యాద. నేను చూపించలేదు. నా పనిలో తప్పు పట్టగలిగిన మనిషి ఆ కొండల్లో ఎవరున్నారనుకున్నాను.

డ్రైవర్‌కు కార్డును ఆహ్వానించడం తేలిక, సాగనంపడమే కష్టం. కార్డు వచ్చినప్పుడు దాని కోసం కాస్త మెమరీ తీసుకుంటాం. రెండు సెకన్లకోసారి లేచి, ఆ మెమరీలో ఉన్న అంకెను తెరమీదకు చేర్చే టైమర్ ఒకటి పెడతాం. కార్డు తీసేటప్పుడు ఈ వరుసను తిరగేయాలి. ముందు టైమర్‌ను ఆపాలి. అది నిజంగా ఆగిందని తేలేదాకా కాచుకోవాలి. ఆ తర్వాతే మెమరీని వదలాలి. వదిలిన మెమరీ ఇక మనది కాదు. కెర్నల్ దాన్ని ఎవరికైనా ఇస్తుంది.

ఆ కేంద్రంలో మనుషులకూ ఇలాంటి పద్ధతే ఒకటి ఉంది. కంట్రోల్ రూమ్ గోడకు మేకులు కొట్టిన చెక్క బోర్డు ఉంటుంది. టర్బైన్ కింది గోతిలోకి దిగే ప్రతి మనిషీ తన పేరు చెక్కిన ఇత్తడి బిళ్లను ఆ బోర్డుకు తగిలించి దిగాలి. పైకి వచ్చాక ఎవరి బిళ్ల వాళ్లే తీసుకోవాలి. చీఫ్ ఇంజనీరు అయినా సరే, ఇంకొకరి బిళ్ల ముట్టుకోకూడదు. బిళ్ల వేలాడుతున్నంతసేపూ లోపల మనిషి ఉన్నట్టే లెక్క.

ఇది జరిగింది వానాకాలం చివర, ఏడాదికోసారి చేసే మరమ్మతుల్లో. పొద్దున పదకొండు కావస్తోంది. కిటికీ అవతల కొండ కనబడనంత మంచు. ఒకటో టర్బైన్‌ను ఆపి నీళ్లు తోడేశారు. రెండోది నడుస్తోంది, అందుకని కంప్యూటర్‌ను ఆపడానికి లేదు. అది నడుస్తుండగానే ఒకటో టర్బైన్ పాత కార్డును తీసి కొత్తది పెట్టడం నా పని.

గోతిలోకి దిగేది ఫిట్టర్ అప్పలనాయుడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపురం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ముప్పై అయిదేళ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. బిళ్ల తగిలిస్తూ, కంట్రోల్ రూమ్ ఆపరేటర్ సింహాచలంతో నాకు వినబడేలాగే అన్నాడు.

“మాఁవా, నా బిళ్ల కాస్త కనిపెట్టు. రాజావారి కంపూటర్ ఇత్తడి కూడా తినేస్తాదేటో.”

“నీ ఒల్లు తినకుండా సూసుకో ముందు. ఎల్లు, ఎల్లు,” అన్నాడు సింహాచలం.

సింహాచలం మరుసటేడు రిటైరు కావలసినవాడు. కంప్యూటర్ రాకముందు, వయసులో ఉన్నప్పుడు, ఆ గోతిలోకి దిగి గోడమీద రంగుతో గీసిన కొలబద్ద చూసి నీటి మట్టం రాసుకొచ్చే పని అతనిది. 

గోతి ఎలా ఉంటుందో చెబితే తప్ప తర్వాతిది అర్థం కాదు. నిచ్చెన దిగితే అడుగు నేల. కొలబద్ద అక్కడి గోడమీదే ఉంది. ఆ నేల నుంచి అయిదడుగుల ఎత్తున్న సొరంగంలో వంగి నడవాలి. మలుపు తిరిగాక ఏడెనిమిది మెట్లు ఎక్కితే పనిచేసే చోటు. అడుగున నీళ్లు చేరితే ముందు సొరంగం నిండుతుంది. మెట్ల పైన ఉన్నవాడి కాళ్లు తడవకముందే వాడి దారి మూసుకుపోతుంది.

అందుకే అడుగున నీటి మట్టం సెన్సార్ పెట్టారు. ఆరోజు దాన్ని కడగడానికి పొద్దున్నే పైకి తీశారు. నా బల్లమీద పాత గుడ్డలో చుట్టి ఉంది. సెన్సార్ లేనప్పుడు గోతి నోటి దగ్గర ఒక మనిషి నిలబడి నీళ్లు చూస్తుండాలి. నిలబడినవాడు సోము, అక్కడి కొండ ఊరివాడే, నలభై దాటినవాడు. కార్డు వెనక నుంచి మందపాటి తీగల కట్టను లాగడానికి నాకు ఇంకో చెయ్యి కావలసి వచ్చింది. సోమును పైకి పిలిచాను. అయిదు నిమిషాల పనే కదా అన్నాను. సింహాచలం నోరు తెరిచాడు గానీ, నా ముఖం చూసి మూసుకున్నాడు.

కార్డును విడదీయమని కంప్యూటర్‌కు చెప్పాను. విడదీశానని అది బదులిచ్చింది. అదే డ్రైవర్ రెండో కార్డునూ చూస్తోంది కాబట్టి డ్రైవర్ మాత్రం లోపలే ఉంది. సోము తీగలు పట్టుకున్నాడు. నేను కార్డును బయటికి లాగి చేతిలోకి తీసుకున్నాను.

తెరమీద ఒకటో టర్బైన్ గళ్లన్నీ ఖాళీ కావాలి. అన్నీ అయ్యాయి, ఒకటి తప్ప. గోతి నీటి మట్టం గడిలో ‘1.00’ అని ఉంది.

మొదట నాకు కలిగింది భయం కాదు, చిరాకు. నేను ఎక్కడో టైమర్ ఆపలేదని వెంటనే అర్థమైంది. వదిలేసిన మెమరీలో ఏది మిగిలితే దాన్ని అది తెరమీదకు తెస్తోంది. ఆ సంగతి ఆ ఇద్దరి ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక, “అది పాత అంకె, పట్టించుకోకండి,” అన్నాను.

అంకె 1.50 అయింది.

పాత అంకె అయితే మారకూడదు. చెత్త అయితే ఎటైనా పోవాలి, కోట్లలోకో, సున్నాలోకో. కాసేపటికి 2.00 అయింది.

“బాబూ, నీలు ఎక్కతన్నట్టున్నాయి,” అన్నాడు సింహాచలం.

కార్డును ఎత్తి చూపించాను. సెన్సార్ చుట్టిన గుడ్డను చూపించాను. చూసే కన్నూ లేదు, మోసే నరమూ లేదు, ఇంకెవరు చెబుతున్నారని అడిగాను. అయినా తృప్తి కోసం వాకీటాకీ అందుకున్నాను. నా డ్రైవర్ మట్టాన్ని మీటర్లలో చూపిస్తుంది. రెండు మీటర్లంటే సొరంగం మునిగిపోయి, నీళ్లు మెట్లు దాటి అతని కాళ్ల దాకా వచ్చి ఉండాలి.

అప్పలనాయుడు నవ్వుతూ పలికాడు. గ్రైండర్ ఆపిన చప్పుడు వినబడింది. “నీలేటి బాబూ? ఇక్కడ దుమ్ము రేగిపోతంది. మీ కంపూటర్‌కే దాహమేస్తందేటో సూడండి.”

సోము కూడా నవ్వాడు. నేను నవ్వలేదు గానీ గెలిచాననుకున్నాను. మీటర్ల లెక్కన నీళ్లలో నిలబడవలసిన మనిషి దుమ్ములో నిలబడి మాట్లాడుతున్నాడు. అంకె అబద్ధమని తేలిపోయింది.

2.50 అయింది.

సింహాచలం తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతను అంకెను చూడటంలేదు, అది మారే తీరును చూస్తున్నాడు. 3.00 అయ్యాక చాలా నెమ్మదిగా అన్నాడు.

“బాబూ, ఇయి మీటర్లు కావు. అడుగులు.”

నా ప్రోగ్రామ్‌లో అడుగు అన్న కొలతే లేదన్నాను.

“మీ దాన్లో నేదేమో. గోడమీద ఉంది. అరడుగుకో గీత. నాను అలాగే సదివీవోడిని. ఒకటి, ఒకటిన్నర, రెండు. గీత మునిగితేనే రాసీవోడిని, మద్దెలో రాసీవోడిని కాను.”

 సెన్సార్ ఎప్పుడూ గుండ్రటి అంకె ఇవ్వదు. 0.37 అంటుంది, 0.41 అంటుంది. నీళ్లు కదులుతుంటాయి కదా. ఇక్కడ సగం, సగం చొప్పున అడుగేసినట్టు ఎక్కుతోంది. అడుగుల లెక్క వేస్తే మూడంటే మనిషి నడుము. అయిదంటే సొరంగం పైకప్పు. అప్పలనాయుడు ఉన్నచోట దుమ్ము రేగడంలో వింతేమీ లేదు.

సింహాచలం సైరన్ వైపు చెయ్యి చాచాడు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

ఇది దాచవచ్చు. దాచను. సైరన్ మోగితే రెండో టర్బైన్ ఆగుతుంది, పనులన్నీ ఆగుతాయి, కారణం పుస్తకంలో రాసి సంతకం చేయాలి. ఏమని రాయను? నా చేతిలో ఉన్న కార్డు, గుడ్డలో ఉన్న సెన్సార్ నీళ్లను చూశాయని రాయనా? లేక నా డ్రైవర్‌కు కార్డును సాగనంపడం కూడా రాదని రాయనా? ఏది రాసినా పది జిల్లాల్లో నవ్వుకుంటారు. ఆ క్షణంలో నేను ఆలోచించింది ఇదే. గోతిలో ఉన్న మనిషి గురించి కాదు.

3.50 అయింది.

సింహాచలం చెయ్యి విడిపించుకోలేదు. నన్ను తిట్టలేదు. బోర్డు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

“ఆడి బిళ్ల ఇంకా మేకునే ఉంది బాబూ.”

నేను చెయ్యి వదిలేశాను.

సైరన్ మోగింది. రెండో టర్బైన్ రొద తగ్గుతూ వచ్చింది. అప్పుడు తెలిసింది, కింద ఊట నీళ్లు తోడే పంపు చప్పుడు అసలు లేదని. ఇంతసేపూ టర్బైన్ రొదలో అది ఆగిన సంగతి ఎవరికీ వినబడలేదు. సోము మెట్లమీద దూకుకుంటూ దిగాడు. కింది నుంచి అతని కేక వచ్చింది. “పాణి! పాణి!” నీళ్లను అతని భాషలో అదే అంటారు.

నేను వాకీటాకీలో అప్పలనాయుణ్ని పిలిచాను. ఈసారి నవ్వలేదతను. “మెట్లకాడికి వచ్చేను బాబూ. సొరంగం...” అన్నాడు, ఆగాడు. “నల్లగా ఉంది బాబూ. పైన జానెడు సందు ఉంది.” 

“రండి. ఆగకండి, రండి,” అన్నాను. అతన్ని బహువచనంలో పిలవడం నాకు అదే మొదటిసారి.

తెరమీద 4.00. నేను కంట్రోల్ రూమ్ వదిలి కదలలేదు, ఎందుకో చెప్పలేను. ఆ అంకె మీద నుంచి కళ్లు తీస్తే ఏదో జరుగుతుందనిపించింది. 4.50 అయింది. వాకీటాకీలో నీళ్ల చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఎంతసేపో నాకు తెలియదు. నిమిషమే కావచ్చు.

తర్వాత సోము, అప్పలనాయుడు పైకి వచ్చారు. అప్పలనాయుడు తల వెనక్కి వాల్చి, ముక్కు సొరంగం పైకప్పుకు రాసుకుంటూ నడిచి వచ్చాడు. నుదురు చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లాడు. తడి వేళ్ల నుంచి బిళ్ల రెండుసార్లు జారింది. మేం ముగ్గురం చూస్తున్నాం గానీ ఎవరమూ సాయం చేయలేదు. మూడోసారి తీసుకున్నాడు.

నేను తెర వైపు తిరిగేసరికి నీటి మట్టం గడి ఖాళీగా ఉంది. అతను బిళ్ల తీసిన క్షణంలోనే ఖాళీ అయిందని నేను చెప్పలేను. అప్పుడు నా వీపు తెర వైపు ఉంది. సింహాచలం మాత్రం చూశానంటాడు.

నీళ్లు ఎందుకొచ్చాయో అందులో వింతేమీ లేదు. బయటి నీళ్లను ఆపే దిగువ తలుపు రబ్బరు పట్టీ ఒకచోట చిరిగింది. పంపు మోటారు వేడెక్కి ఆగిపోయింది. ఆ రెండూ ఎక్కడైనా జరిగేవే.

సోము దిగినప్పుడు కొలబద్ద మీద నాలుగడుగుల గీత మునుగుతోందని చెప్పాడు. అప్పలనాయుడు నిచ్చెన పట్టుకున్నప్పుడు నాలుగున్నర. తెరమీది అంకెలు కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో నిలిచి ఉన్నాయి. సైరన్ మోగిన వేళతో కలిపి చూశాను. సరిపోయాయి.

ఆ రాత్రి కాదు, మర్నాడు పట్టపగలు కూర్చుని నా డ్రైవర్ చదివాను. తప్పు దొరికింది. మెమరీ వదిలే వాక్యం ముందు, టైమర్ ఆపే వాక్యం తర్వాత రాశాను. ఆ టైమర్‌నైనా ఆపమని చెప్పానే గానీ, అప్పటికే లేచి పనిలో ఉంటే అది పూర్తయ్యేదాకా కాచుకోమని చెప్పలేదు. అది మళ్లీ తనను తానే నిద్రలేపుకుంది. 

మా మేడ అమ్మినప్పుడు హాల్లోని పెద్ద గడియారానికి కీ ఇచ్చే పోలయ్యకు మా నాన్నగారు సిగ్గుపడి ఆ మాట చెప్పలేదు. కొన్నాళ్లపాటు ప్రతి సోమవారం అతను వచ్చి, కొత్తవాళ్ల హాల్లో, కొత్తవాళ్ల గడియారానికి కీ ఇచ్చి వెళ్లేవాడు. నా టైమర్ చేసింది అదే. ఇక్కడిదాకా నాకు అర్థమైంది, ఇందులో దయ్యం లేదు.

అర్థంకానిది మిగతాది. వదిలిన మెమరీలో రెండో కార్డు అంకెలు వచ్చి పడ్డాయా? చూశాను. ఆ వేళలో రెండో కార్డు చెప్పినవన్నీ లాగ్‌లో ఉన్నాయి, ఒక్కటీ కలవలేదు. పాత లాగ్‌ల ముక్క ఏదైనా అక్కడికి చేరిందా? నా కంప్యూటర్ పుట్టిన నాటినుంచి అడుగుల్లో, అరడుగుల్లో దాని లోపల ఏ లెక్కా లేదు. ఆ తప్పును ఇంకో కంప్యూటర్‌లో కావాలని చేసి, కార్డును లెక్కలేనన్ని సార్లు తీశాను. కొన్నిసార్లు సున్నా వచ్చింది, కొన్నిసార్లు అర్థంలేని అంకె. ఎక్కువసార్లు కంప్యూటరే కుప్పకూలింది. వరుసగా ఎక్కే అంకె ఒక్కసారీ రాలేదు.

సింహాచలాన్ని అడిగాను.  “నానే సదువుతున్నట్టుంది బాబూ. అదే ఆగడం, అదే గీత. కానీ నాను మీ పక్కనే ఉన్నాను కదా?” అన్నాడు. చచ్చినవాడి మీద పెట్టి ఊరుకుందామంటే, ఆ కొలబద్ద చదివిన మనిషి బతికి, నా పక్కనే టీ తాగుతున్నాడు.

నివేదిక రాశాను. సోమును గోతి నోటి నుంచి పిలిచింది నేనని రాశాను. డ్రైవర్‌లో తప్పు నాదని, సైరన్ ఆలస్యం చేసింది నేనని రాశాను. మా వంశంలో తన తప్పు కింద సంతకం పెట్టిన మొదటివాణ్ని నేనే అయ్యుంటాను. చివర, కార్డు తీశాక వచ్చిన అంకెలకు నా దగ్గర వివరణ లేదని రాశాను. ఆ ఒక్క వాక్యం కొట్టేయమని పైనుంచి చెప్పారు. కొట్టలేదు.

డ్రైవర్ దిద్దబోతున్న రోజు అప్పలనాయుడు వచ్చాడు. నుదుటి గాయం మానుతోంది. ఎప్పటిలా వెటకారం లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“బాబూ, ఆ తప్పు దిద్దకండి.”

అది తప్పు, దిద్దకపోతే ఏదో ఒకరోజు కంప్యూటర్ మొత్తం పడిపోతుంది, అప్పుడు రెండో టర్బైన్ దగ్గర ఉన్నవాళ్ల గతేమిటని చెప్పాను. ఓపికగానే చెప్పాను. ఓపికగానే విన్నాడు.

“నాకు అయ్యన్నీ తెల్దు బాబూ. నా పిల్లలకి నాన్న ఉన్నాడంటే ఆ తప్పు వల్లే. మీరు దిద్దీసేక దానికి దారుండదు కదా?”

దేనికి దారి అని నేను అడగలేదు. 

పదకొండు రోజులు ఆ రెండు వాక్యాలను ముట్టుకోలేకపోయాను. పన్నెండో రోజు వరుస మార్చాను. టైమర్ ఆగేదాకా కాచుకుని, ఆ తర్వాతే మెమరీ వదిలేలా రాశాను. కటక్‌లో ఉన్న ఒక జూనియర్‌కు పంపి తప్పులు చూడమన్నాను. ఇంకోటి పట్టుకున్నాడు. అదీ దిద్దాను. ఒక ఇంజనీరుగా చేయవలసింది అదే. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను. 

మరుసటేడు మరమ్మతులకు కార్డు తీసినప్పుడు అన్ని గళ్లూ ఖాళీ అయ్యాయి, నీటి మట్టంతో సహా. ఎలా ఉండాలో అలాగే ఉంది. అప్పలనాయుడు నా భుజం పక్క నుంచి ఆ ఖాళీ గడిని చూశాడు.

“ఇప్పుడు ఎవులు సెప్తారు బాబూ?” అన్నాడు.

  అతను దిగాడు. నేను వెళ్లి గోతి నోటి దగ్గర నిలబడి, అతను పైకి వచ్చేదాకా నీళ్లు చూస్తూ ఉన్నాను.